నికాహ్ తర్వాత మొదలయ్యే ప్రేమ: ‘జిందగీ గుల్జార్ హై’లో మంచీ చెడూ

ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల ముందు హమాలీలు చివరి బస్తాలు దించి, షట్టర్లు మూతపడే వేళకు ఆ చుట్టుపక్కల ఇళ్ళలో మరొక సందడి మొదలవుతుంది. ఇషా నమాజు ముగుస్తుంది. దస్తర్‌ఖాన్ ఎత్తివేస్తారు. ఆ పిమ్మట ఇంటి స్త్రీలందరూ ఒకచోట చేరి ఏదో ఒక ధారావాహిక చూస్తారు. కొన్ని ఇళ్ళలో అది తెలుగు సీరియల్, కొన్ని ఇళ్ళలో ఉర్దూ డ్రామా. నల్గొండ నుండో కర్నూలు నుండో కోడలు వచ్చిన ఇళ్ళలోనైతే రెండూ నడుస్తాయి. ఏది ముందు చూడాలన్న దానిపై అత్తాకోడళ్ళ మధ్య చిన్న పంచాయితీ కూడా నడుస్తుంది.

ఈ డ్రామాల విషయంలో మా వంటివారిని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: చూడవచ్చునా, చూడకూడదా? సంగీతం విషయంలో, పరస్త్రీ పురుషుల కలయికను ప్రదర్శించే విషయంలో ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. వాటిని ఇక్కడ తిరిగి వల్లించబోవడం లేదు. ఇప్పటికే చూసేసినవారి మనసుల్లో ఆ కథలు ఏమి మిగిల్చి పోయాయన్నదే మా ప్రశ్న. ఏ విషయంపైనైనా దాని స్వరూపం తెలిసిన తర్వాతనే తీర్పు చెప్పాలన్నది ఫిఖ్ విద్యార్థికి తొలుత నేర్పే నియమం. ‘జిందగీ గుల్జార్ హై’ మన ఇళ్ళలోకి వచ్చిన రోజుల్లో ఇంటివారితో కూర్చొని 26 భాగాలూ చూశాము. మదరసా ఉపాధ్యాయునికి ఇదేమి పని అని కొందరు కనుబొమలు ముడివేయవచ్చు. మా వద్ద చదువుకొనే బాలికల్లో పాఠం కంటె జారూన్ సంభాషణలే చక్కగా కంఠస్థం చేసినవారు ఉన్నారు. కనుక ఇది మా పనే.

నిదానంగా సాగే ఈ ప్రేమకథల సంప్రదాయానికి మన నగరంతో పాత బంధుత్వమే ఉంది. పాకిస్తాన్ టెలివిజన్‌కు ‘షమా’, ‘అఫ్షాన్’ వంటి కుటుంబ ధారావాహికలు రచించిన ఫాతిమా సురయ్యా బజియా 1930లో ఈ హైదరాబాదులోనే జన్మించారు. దేశ విభజన తర్వాత ఆమె కుటుంబం కరాచీ చేరింది. ఎ.ఆర్. ఖాతూన్ నవలల ఆధారంగా ఆమె ఆ కథలను మలిచారు. ఆమె తర్వాత హసీనా మొయిన్ రచించిన ‘తన్‌హాయియాఁ’ 1985లో, ‘ధూప్ కినారే’ 1987లో ప్రసారమయ్యాయి. అవి వీడియో క్యాసెట్ల రూపంలో సరిహద్దు దాటి వచ్చాయి. ఆనాడు మన బస్తీల్లో క్యాసెట్ అద్దెకు తెచ్చుకొని, వాకిలి తలుపు వేసుకొని చూసిన ఆడపడుచులు నేడు నానీలు, దాదీలు. కనుక ఇదంతా ఈనాటి పిల్లల పోకడ అనే అధికారం పెద్దలకు పెద్దగా లేదు.

‘జిందగీ గుల్జార్ హై’ ఆ పరంపరలోనిదే. ఉమేరా అహ్మద్ నవల ఆధారంగా సుల్తానా సిద్దీఖీ దర్శకత్వంలో తయారై, 2012 నవంబరు చివరిలో హమ్ టీవీలో మొదలై, 2013 మే నెలలో ముగిసింది. 2014 జూన్‌లో జీ సంస్థ ‘జిందగీ’ ఛానల్ ప్రారంభించినప్పుడు మన దేశపు ప్రేక్షకుల ముందుకు వచ్చింది. 2016లో ఆ ఛానల్ పాకిస్తానీ కార్యక్రమాలను నిలిపివేసింది. 2025 మే నెలలో ఓటీటీ వేదికలు కూడా వాటిని తొలగించాలని కేంద్ర ప్రభుత్వం సూచించింది. కనుక దానిని ఇప్పుడు వెదకి చూడమని మేము ఎవరికీ చెప్పడం లేదు. అయితే 2014లో పదిహేనేళ్ళ వయసులో దానిని చూసిన అమ్మాయిలు నేడు గృహిణులు, తల్లులు. కొందరికి ఇంకా సంబంధాలు చూస్తున్నారు. సంబంధం మాట వచ్చినప్పుడు వారి మనసులో కొలబద్దగా నిలిచే మనిషి తరచు ఆ కథలోనివాడే.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. ముర్తజా అనే వ్యక్తికి ముగ్గురు కుమార్తెలు. కుమారుడు కలగలేదని అతడు రెండవ వివాహం చేసుకొని ఆ ఇంటనే ఉండిపోతాడు. మొదటి భార్య రఫియా పాఠశాలలో బోధిస్తూ, ట్యూషన్లు చెబుతూ ముగ్గురు ఆడపిల్లలను చదివిస్తుంది. పెద్దమ్మాయి కషఫ్ తెలివైనది, కోపిష్ఠి, పురుషులను నమ్మనిది. విశ్వవిద్యాలయంలో ఆమెకు సహాధ్యాయి జారూన్. సంపన్నుల బిడ్డ, అందగాడు, తన మాటే చెల్లాలనే స్వభావం గలవాడు. తనను గురించి అతడు మిత్రులతో తేలికగా మాట్లాడిన మాటలు కషఫ్ చెవిన పడతాయి. అక్కడినుండి ద్వేషం. చదువులు ముగిసి, ఇద్దరూ ప్రభుత్వోద్యోగులై, కొన్నేళ్ళ తర్వాత తిరిగి తారసపడతారు. అతడు తమ గురువుగారి ద్వారా సంబంధం పంపుతాడు. ఆమె నిరాకరిస్తుంది. గురువుగారు, తల్లి నచ్చజెప్పిన మీదట అంగీకరిస్తుంది. అంటే కథ సగం దాటిన తర్వాత నికాహ్ జరుగుతుంది. ప్రేమ అప్పుడు మొదలవుతుంది.

ఇదే ఈ డ్రామాలో మాకు అన్నిటికంటె నచ్చిన సంగతి. సాధారణంగా ప్రేమకథలన్నీ నికాహ్‌తో ముగుస్తాయి. పెళ్ళిపందిరి కనిపించిందంటే తెర పడవలసిందే. దానితో వివాహం ఒక బహుమతి అనీ, ఆ తర్వాత చెప్పుకోవలసినదేమీ ఉండదనీ చూసేవారి మనసులో నాటుకొంటుంది. ఇక్కడ ఇద్దరు అపరిచితుల వంటి మనుషులు ఒకే గదిలో ఉండి ఒకరి అలవాట్లు ఒకరు నేర్చుకొంటారు. ఆమె అనుమానం ఒక్కరోజులో పోదు. అతని అహంకారమూ ఒక్కరోజులో కరగదు. దివ్య ఖుర్ఆన్ సూరా రూమ్ 21వ ఆయత్‌లో దంపతుల మధ్య ‘మవద్దత్’, ‘రహ్మత్’ అనే రెండింటిని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ రెండూ జంటగా ఏర్పడిన మనుషుల మధ్య కలిగేవి. మన పెద్దలు చేసిన వేలాది వివాహాల్లో ప్రేమ ఈ విధంగానే, దమ్ మీద పెట్టిన అన్నంలా, మూత కింద నెమ్మదిగా ఉడికింది. దానిని తెర మీద చూపడానికి ఎవరూ పూనుకోలేదంతే.

నిదానం దానంతట అది దోషం కాదు. సూరా ఖసస్‌లో మూసా ప్రవక్త (అలై) మద్‌యన్ చేరిన వృత్తాంతాన్ని చదవండి. బావి వద్ద పశువులను వెనుకకు నిలుపుకొని వేచియున్న ఇద్దరు స్త్రీలు. అలసిన ఒక పరదేశి వారి పశువులకు నీరు తోడి పెట్టి, నీడకు వెళ్ళి కూర్చొంటాడు. తర్వాత వారిలో ఒకరు సిగ్గుతో నడచి వచ్చి తండ్రి పిలుస్తున్నాడని చెబుతారు. అతనిని పనిలో పెట్టుకొమ్మని తండ్రికి సలహా ఇచ్చేదీ, అతడు బలవంతుడని, నమ్మకస్తుడని చెప్పేదీ ఆమే. నికాహ్ ప్రస్తావన తండ్రి నోట వస్తుంది. ఎనిమిదేళ్ళు, లేదా పదేళ్ళు పని చేయాలన్నది షరతు. ఎంత తక్కువ మాటల్లో ఎంత నిదానం! యువతి తన అభిప్రాయం చెప్పగల ఇల్లు, దానిని విని గ్రహించగల తండ్రి అందులో ఉన్నారు. మన డ్రామా రచయితలు ఈ రెండింటిలో తండ్రిని తరచు మరచిపోతారు.

ఇక నిడివి. 26 భాగాల్లో చెప్పదలచినది చెప్పి ముగించడం సామాన్యమైన సుగుణం కాదు. స్టార్ మాలో 2020 నుండి 2024 వరకు నడచిన ‘గుప్పెడంత మనసు’ కూడా రిషి, వసుధార అనే ఇద్దరి నిదానపు ప్రేమకథే. వెయ్యికి పైగా భాగాలు సాగింది. ‘కార్తీకదీపం’ కూడా వెయ్యి దాటినదే. అందులో ఒక వైద్యుడు తన భార్య శీలాన్ని శంకించి, ఆ శంకను ఏళ్ళ తరబడి మోశాడు. ఒక మాట అడిగి తేల్చుకోదగిన సంగతి ఏళ్ళ తరబడి తేలకపోవడాన్ని రోజూ చూసే ఇంట్లో, అనుమానం అనేది దాంపత్యంలో సహజమైన ఋతువు అన్న భావన స్థిరపడదా? దానితో పోలిస్తే కషఫ్ కథకు ఒక ఒడ్డు ఉంది. చూసినవారు లేచి తమ పనులకు పోగలరు.

అయినా ఈ డ్రామాకు ప్రాణం కషఫ్, జారూన్‌లలో లేదని మా అభిప్రాయం. అది రఫియాలో ఉంది. సమీనా పీర్జాదా ఆ పాత్రను పోషించారు. భర్త ఉండీ లేని స్త్రీ, ముగ్గురు ఆడపిల్లలు, నెల చివరికి అందని జీతం. పాతబస్తీలో ఈ ఇల్లు ఏ గల్లీలో లేదు? ఆమె పిల్లల ముందు భర్తను నిందించదు. పెద్దకూతురు అల్లాహ్ మాకే ఎందుకిలా చేశాడని కోపంతో అడిగినప్పుడు, ఆమె సహనాన్ని, కృతజ్ఞతను బోధిస్తుంది. ఆడపిల్ల పుట్టిందన్న వార్తకు ముఖం నల్లబడే తండ్రిని సూరా నహ్ల్ గర్హించింది. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేవరకు పోషించినవాడు ప్రళయదినాన తనకు రెండు వేళ్ళంత సమీపంలో ఉంటాడని మహాప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ శుభవార్తకు పాత్రుడు కావలసిన ముర్తజా దానిని వదులుకొని పోయాడు. అతడు కోరుకొన్న కుమారుడే చివరకు అతనికి తలవంపులు తెచ్చాడు. ఇంతవరకు రచయిత్రి చెప్పినది మాకు పూర్తిగా సమ్మతమే.

కానీ ఇక్కడే మాకు అన్నిటికంటె పెద్ద ఆక్షేపణ కూడా ఉంది. రఫియా మౌనాన్ని ఈ డ్రామా సబ్ర్ అని పిలుస్తుంది. ఆమె పడే కష్టాన్ని చూపి ప్రేక్షకుల చేత కన్నీరు పెట్టిస్తుంది గానీ, ఆ పిల్లల పోషణ తండ్రి మీద షరీఅత్ విధించిన బాధ్యత అన్న మాటకు కథలో బలం ఇవ్వదు. అతడు ఇవ్వనిది దానం కాదు, బాకీ. రెండవ వివాహానికి అనుమతి ఇచ్చిన సూరా నిసా 3వ ఆయతే, న్యాయం చేయలేమన్న భయం ఉంటే ఒక్కరితోనే సరిపెట్టుకొమ్మని ఆదేశించింది. అదే సూరా 129వ ఆయత్ ఒక భార్యను గాలిలో వేలాడేలా వదలివేయడాన్ని వారించింది. రఫియా స్థితి అచ్చంగా అదే. అయినా డ్రామా చూసినవారికి ముర్తజా ఒక హక్కును కఠినంగా వాడుకొన్నవానిగానే కనిపిస్తాడు. ఆ హక్కుతోపాటు వచ్చిన షరతును తుంగలో తొక్కినవానిగా కనిపించడు.

మహాప్రవక్త (స) సన్నిధికి హింద్ బిన్తె ఉత్‌బా (రజి) వచ్చి, తన భర్త అబూ సుఫ్యాన్ తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వడని చెప్పుకొన్న సంగతి బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఓర్చుకొమ్మని ఆమెను పంపివేయలేదు. ఆమెకూ పిల్లలకూ ధర్మబద్ధంగా సరిపడినంత అతని సొమ్ములో నుండి తీసుకోవచ్చునని అనుమతించారు. ఇంటి సంగతి బయట పెట్టిందని ఆమెను ఎవరూ నిందించలేదు. మన వద్ద దారుల్ ఖజా ఉంది, కుటుంబ న్యాయస్థానం ఉంది. అంతకుముందు మామగారో, మేనమామో, మసీదు కమిటీ పెద్దలో కూర్చొని లెక్క తేల్చే మార్గమూ ఉంది. ఆ తలుపులు తట్టిన స్త్రీని మొహల్లాలో “గయ్యాళి” అనే వారు, టీవీలో రఫియాను చూసి “ఎంత సబ్ర్ గల తల్లి!” అని కళ్ళు ఒత్తుకొంటారు. డ్రామా ఈ అలవాటును పుట్టించలేదు. దానికి అందం మాత్రం చేకూర్చింది.

మరొక సంగతి. కథ మొదట్లో పేదరికం పట్ల కషఫ్‌కు గల ఆక్రోశం నిజమైనది. ఆమె ప్రశ్నలకు రచయిత్రి సమాధానం వెదకుతుందని ఎదురు చూశాము. దొరికిన సమాధానం ధనవంతుడైన భర్త. పెద్ద ఇల్లు, కారు, ఆమెను అపురూపంగా చూసుకొనే మామగారు వచ్చిన తర్వాత ఆమె కృతజ్ఞురాలవుతుంది, జీవితం పూలతోట అవుతుంది. ఇవేవీ రాకపోయి ఉంటే? ఆమె ఉద్యోగం ఆమె సంపాదించుకొన్నదే, అది కథలోని మేలైన భాగం. కానీ ఆ ఉద్యోగంతోనే, ఆ చిన్న ఇంటిలోనే ఆమె హృదయం కుదుటపడినట్లు చూపే ధైర్యం కథకు లేకపోయింది. దీని ఫలితం మేము సంబంధాల మాటల్లో చూస్తున్నాము. దుకాణంలో గుమాస్తాగా పనిచేసే సద్గుణవంతుడైన అబ్బాయి సంబంధం వస్తే, అమ్మాయి నోరు తెరచి కాదనదు. ముఖం పక్కకు తిప్పుకొంటుంది. ఆమె మనసులో ఉన్నవాడు విదేశాంగ శాఖ అధికారి.

పోనీ ఆ అధికారి ఎటువంటివాడు? జారూన్ పాత్రను ఫవాద్ ఖాన్ ఎంత ఆకర్షణీయంగా పోషించారంటే, ఆ పాత్ర లోపాలు కూడా ముద్దుగా కనిపిస్తాయి. పరాయి అమ్మాయిలతో స్నేహం తనకు చెల్లుతుంది. తన చెల్లెలికీ, తనకు నిశ్చయమైన అస్మారాకూ మాత్రం హద్దులు గీస్తాడు. ఈ ద్వంద్వనీతిని రచయిత్రి గుర్తించలేదని కాదు. కొన్ని సన్నివేశాల్లో అతనిని గట్టిగానే ప్రశ్నింపజేసింది. అయితే చివరకు అతని మాటే నెగ్గుతుంది. ఉద్యోగం చేసే సంపన్న స్త్రీలైన అతని తల్లి, చెల్లెలు తప్పు చేసినవారిగా మిగులుతారు. సూరా నూర్‌లో చూపులు దించుకొమ్మన్న ఆదేశం ముందు పురుషులకు, 30వ ఆయత్‌లో వచ్చింది. స్త్రీలకు తర్వాతి ఆయత్‌లో వచ్చింది. మన ఇళ్ళలో మాత్రం ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. అన్నయ్య ఫోన్‌ను ఎవరూ అడగరు, చెల్లెలి దుపట్టాను అందరూ అడుగుతారు. జారూన్‌ను చూసి మురిసే తల్లులు తమ ఇంట్లోని జారూన్‌లను కూడా ఒకసారి చూసుకొంటే బాగుంటుంది.

కడపటి భాగాల్లో వచ్చే తగవు కూడా ఇలాంటిదే. పూర్వం జారూన్ మిత్రుడు ఉసామా కషఫ్‌కు సంబంధం పంపాడు, ఆమె కాదన్నది. ఆ సంగతి తనకు చెప్పలేదని జారూన్ మండిపడతాడు, ఆమె పుట్టింటికి వెళ్ళిపోతుంది. వివాహానికి పూర్వం వచ్చిన, తిరస్కరించిన సంబంధం గురించి భర్తకు లెక్క అప్పజెప్పవలసిన అవసరం ఏ స్త్రీకి ఉంది? అతడు తర్వాత పశ్చాత్తాపంతో వస్తాడు, మంచిదే. కానీ ఆ కోపం ప్రేమకు గుర్తు అన్నట్లు నేపథ్య సంగీతం మోగుతుంది. కథలో మాటలు ఒకటి చెబుతూ ఉంటే సంగీతం మరొకటి చెప్పడం ఈ డ్రామాల్లో తరచుగా జరుగుతుంది. చూసేవారు మాటలను మరచిపోతారు, సంగీతం చెప్పినది గుర్తుంచుకొంటారు.

కషఫ్ మొదట కాదన్నదని పైన వ్రాశాము. ఆ ‘కాదు’ మాకు ఎంతో విలువైనదిగా తోచింది. తన అనుమతి లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను గురించి ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) ఫిర్యాదు చేస్తే మహాప్రవక్త (స) ఆ వివాహాన్ని రద్దు చేశారు. కనుక ఆడపిల్ల కాదనడం మన ధర్మానికి పరాయిది కాదు. కానీ నిదానపు ప్రేమకథల్లో ఆ ‘కాదు’కు ఒకే ఒక ప్రయోజనం ఉంటుంది, ‘అవును’ను ఆలస్యం చేయడం. పురుషుడు పట్టు విడువకుండా ఉంటే చాలు, పదో భాగంలో కాకపోతే పదిహేనో భాగంలో స్త్రీ మనసు మారుతుంది. దీనిని చూసి పెరిగిన అబ్బాయి, తనను వద్దన్న అమ్మాయి వెంట కళాశాల వరకు నడవడాన్ని పట్టుదల అనుకొంటాడు. అమ్మాయి కూడా దానిని అలాగే అనుకొంటే ఇక చెప్పేదేమున్నది.

అందుకే ఈ మధ్య మా బాలికల తరగతిలో, పరదాకు ఇవతల కూర్చొని, బరీరా (రజి) హదీసు చెప్పాము. ఆమె బానిసత్వం నుండి విముక్తి పొందిన స్త్రీ. భర్త ముగీస్ (రజి) అప్పటికి ఇంకా బానిసే. అటువంటి వివాహంలో ఉండటమో విడిపోవడమో నిర్ణయించుకొనే హక్కు విముక్తి పొందిన స్త్రీకి ఉంది. ఆమె విడిపోయారు. ముగీస్ ఆమె వెంట ఏడుస్తూ మదీనా వీధుల్లో తిరిగేవారనీ, కన్నీరు గడ్డం మీదుగా కారేదనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. మహాప్రవక్త (స) జాలిపడి, అతని వద్దకు తిరిగి వెళ్ళరాదా అని ఆమెను అడిగారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె ప్రశ్నించారు. కాదు, సిఫారసు మాత్రమేనని చెప్పారు. అయితే అతనితో నాకు అవసరం లేదని ఆమె అన్నారు. ఆ మాటతో ఆ విషయం ముగిసింది.

పరదా వెనుక కొంతసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక గొంతు అడిగింది: “హజ్రత్, మరి ముగీస్ ఏమయ్యారు?”

“ఆ హదీసులో అంతవరకే ఉంది బేటీ,” అన్నాము.

“అయ్యో, పాపం,” అన్నది ఆ అమ్మాయి. “పాపమేమిటే,” అని మరొక గొంతు గట్టిగానే అన్నది. “ఆమె వద్దన్నది కదా.” ఇద్దరూ తరగతి ముగిసేవరకు దాని మీదనే వాదించుకొన్నారు. అస్ర్ అజాన్ అయినా ఆ వాదన తెగలేదు.